బుట్ట చేతులు

శుక్రవారం రెండు కొట్టగానే
పెంచలమ్మ మంచం మడిచి గోడకు నిలబెడుతుంది.
ఫర్వానియాలో, మూడో అంతస్తులో,
ఆ గదికి నేల ఉందని తెలిసేది
వారానికి ఆ ఒక్క పూటే.

చందాలేసుకుని కొన్న పాత మిషను,
తొక్కితే నూనెలో ఆవాల చప్పుడు.
టేపు ఎప్పుడో పోయింది.
జాన మీద రెండు వేళ్ళు నా దండచెయ్యి,
రెండు మూరలకు బెత్తెడు తక్కువ నసీమున్ నడుము.

ఆరు రోజులూ మా అందరిదీ ఒకే కుట్టు.
లేత నీలం యూనిఫారం, మెడ దాకా గుండీలు,
నోరు మూసుకున్న గుడ్డ.
నాకు భుజాలున్నాయని
బియ్యం మూట ఎత్తేటప్పుడు తప్ప గుర్తుండదు.

అందుకే జుమ్మా సంత.
రేకుల కప్పు కింద
ఏ దేశం వాళ్ళో విడిచిన గుడ్డల గుట్టలు,
దీనారుకు నాలుగు.
దానమ్మ చెయ్యి పెట్టిందంటే
వలలోంచి పులసను ఏరినట్టే.
ఎవరో ముసలాయన సూటు ప్యాంటు తెచ్చి
మోకాళ్ళ కింద చీల్చి
చీర అంచు ముక్కలేసి బెల్‌బాటం చేసింది.
"మా నాన్న పెళ్ళిచూపులకి ఇలాంటిదే ఏసుకెళ్ళాడంట,
ఈదంతా ఊడ్చుకుంటా" అని
తనే ముందు నవ్వింది.

నా ఫోనులో మా అవ్వ ఫోటో ఉంది.
నందలూరు స్టూడియోలో
రంగులేసిన జలపాతం ముందు
ఉలిక్కిపడ్డ కళ్ళు,
భుజాల మీద మాత్రం
పొంగిన రెండు పూరీలు, బుట్ట చేతులు.
ఆ రవిక అరువుదంట.
ఫోటో అయిపోగానే తెర వెనక విప్పి ఇచ్చేసిందంట.
ఆ సంగతి తెలిసినప్పటి నుంచి
నాకదొక మొండి.

గుడ్డ దొరికింది మేడమ్ ఇంట్లోనే.
పారెయ్యమన్న పరదాలు,
ముదురాకు పచ్చ మఖమల్.
ఏళ్ళ తరబడి ఎండ తాగి
ఒక అంచు చింత చిగురు రంగుకు దిగింది.
అడిగే తీసుకున్నా.
అయినా సంచిలో మడిచి పెట్టుకుంటుంటే
గుండె దొంగలా కొట్టుకుంది.

వెలిసిన అంచును నడుము దగ్గర దాచేద్దామంది పెంచలమ్మ.
వద్దన్నా. చేతులకే పెట్టమన్నా.
ఎండ పడ్డ చోటే కదా నలుగురికీ కనపడాల్సింది.
బుట్ట నిలబడాలంటే లోపల బిరుసుగా ఏదైనా ఉండాలి.
నసీమున్ బాస్మతి సంచి కత్తిరించింది.
ఇప్పుడు నా కుడి చేతి లోపల
ఎవరికీ కనపడకుండా
ఇరవై కిలోలని అచ్చు ఉంది.

సాయంత్రం మిద్దె మీద,
నీళ్ళ ట్యాంకులకూ డిష్ గొడుగులకూ మధ్య
ఒకరి తర్వాత ఒకరం నడిచాం.
కింద బకాలా కుర్రాడు షాజీ
పైకొచ్చి ఈల వేయబోయి, దానమ్మ చూపుకు
సోడా తాగుతున్నట్టు నటించాడు.
మగ్రిబ్ బాంగు వినిపించగానే
నసీమున్ తలకు గుడ్డ కప్పుకుని లోపలికెళ్ళింది.
ఆమె వచ్చేదాకా మేమూ ఆగాం,
చెయ్యి ఎత్తితే గరగరలాడే సంచి గుడ్డతో సహా.

రాత్రి తొమ్మిదికి వెనక గుమ్మం.
నల్ల బురఖా తీసి కొక్కేనికి తగిలించేసరికి
వంటింట్లో ముసలామె, మేడమ్ వాళ్ళమ్మ,
నీళ్ళ గ్లాసుతో నిలబడి ఉంది.
దాచుకోవడానికి చేతులు చాలవు,
అవే కదా ఉబ్బి ఉన్నది.

దగ్గరికొచ్చింది. వెలిసిన పట్టీ మీద
బొటనవేలితో రాసి చూసింది.
సముద్రం అంది, పాత ఇల్లు అంది,
పొద్దున ఆ కిటికీ దగ్గరే
తన మొగుడు కాఫీ తాగేవాడంది.
తక్కిన అరబ్బీ నాకు అందలేదు.
అడగలేదు కూడా.
వెన్నులో చెమట కారుతోంది, మఖమల్ మరి.

గ్లాసు గట్టు మీద పెట్టి
రెండు గుప్పిళ్ళు తన భుజాల మీద ఆనించి
మెల్లగా విప్పింది,
పూరీలు పొంగినట్టు.
తర్వాత వేలితో తన గుండె మీద పొడుచుకుంది,
నాకూ అని.

ఆమెకు జాన మీద ఒక వేలు చాలు.
ఎముకే అంతా.
పరదా ఇంకా ఒకటిన్నర రెక్క మిగిలింది.
రేపు బియ్యం డబ్బాలో పోసేటప్పుడు
సంచి చింపకుండా
కుట్టు విప్పి తియ్యాలి.